పందెంగా ఉన్నవాళ్ళ ప్రశ్న

మూడు పులులు, పదిహేను మేకలు. బండ మీద సుద్దతో గీసిన ముక్కోణం, దాన్ని అడ్డంగా కోస్తూ పోయే గీతలు, గీతలు కలిసిన చోటల్లా ఒక స్థానం, మొత్తం 23. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళలో గుడి అరుగు మీదో రచ్చబండ మీదో గీసుకునే ఈ పటం వానకు చెరిగితే మళ్ళీ గీసుకోవడమే. పులి ఎగిరి దూకి మేకను తీసేస్తుంది. మేకకు ఎవరినీ తీసే అధికారం లేదు. దానికున్న బలమల్లా పక్కనున్న ఇంకో మేక. పులికి కదిలే సందు లేకుండా చుట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు పడితే పులిది గెలుపు అన్న కట్టు మాత్రం ఊరికో తీరు. పక్క ఊరివాడు వచ్చి కూర్చుంటే ముందు ఆ పంచాయితీ తెగాలి. "గిట్లయితె మేకలకు అన్యాయం గాదా" అని ఒకడంటే రెండోవాడి దగ్గర జవాబు సిద్ధం: "అయితె నువ్వే పులులు తీస్కో, నేను మేకలాడ్త."

వాదం అక్కడితో ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా, ఎందుకంటే అంతకన్నా గట్టి కొలత తత్త్వశాస్త్రం దగ్గర కూడా చాలాకాలం లేదు. అమెరికన్ తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో వెలువరించిన "ఎ థియరీ ఆఫ్ జస్టిస్"లో ఒక ఊహ చేశాడు. రేపు సమాజంలో తమ చోటు ఎక్కడో, ధనికుడిగా పుడతారో కూలివాడిగా పుడతారో తెలియనివాళ్ళంతా కూర్చుని నియమాలు రాసుకుంటే, ఆ నియమాలు న్యాయంగానే ఉంటాయని. పులులు తనకు వస్తాయో మేకలు వస్తాయో తెలియకుండా కట్టు ఒప్పుకున్నవాడు చేస్తున్నదీ అదే. ఇక రెండు పక్షాలూ ఒకేలా ఉంటేనే ఆట సమంగా ఉంటుందన్న నమ్మకాన్ని లెక్కలే కొట్టేశాయి. నేపాల్‌లో ఆడే బాఘ్‌చాల్ పులి-మేకకు దగ్గరి చుట్టం: 4 పులులు, 20 మేకలు, 25 స్థానాలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌తో దాని లోతు చూసి తేల్చిందేమంటే, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరు. కోరలున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య అంత నిక్కచ్చి సమతూకాన్ని ఏ గణితజ్ఞుడూ కూర్చి పెట్టలేదు. ఆడీ ఆడీ జనమే సరిచేసుకున్నారు.

సరిచేయడానికి ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు. 2022 ఏప్రిల్ 28న "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2" అనే కంప్యూటర్ వ్యూహక్రీడకు "డైనాస్టీస్ ఆఫ్ ఇండియా" అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. అంతకుముందు, 2013 నుంచి, ఆ ఆటలో ఉపఖండమంతటికీ కలిపి "ఇండియన్స్" అని ఒకటే పక్షం. కొత్త భాగం దాన్ని విడగొట్టి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు అని నలుగురిని నిలబెట్టింది. వీళ్ళకు కోటగోడలు కూల్చే దూలపుబండి లేదు, దాని స్థానంలో కవచం తొడిగిన ఏనుగు. గుర్జరులు గొర్రెల్ని చంపి తినకుండా మిల్లులో కట్టేసుకుంటే ఆహారం ఊరుతూనే ఉంటుంది. ద్రవిడులకు యుగం మారినప్పుడల్లా 200 కలప ఉచితం, నీళ్ళమీద బలం, గుర్రపుదళం మాత్రం నీరసం. చివరికి ఒక పెద్ద వరం: వూట్జ్ ఉక్కు. ఆ విద్య సాధిస్తే వాళ్ళ కాల్బలం కత్తికి ఎదుటివాడి కవచం ఉన్నా లేనట్టే.

విడుదలైన వారాల్లోనే తీర్పులు మొదలయ్యాయి. గుర్జరులు మరీ మించిపోయారు, ద్రవిడులు నేలమీద తేలిపోయారు అని. తర్వాతి అప్‌డేట్లలో గుర్జర ఆశ్వికదళానికి ఒక్కసారిగా దక్కే అదనపు దెబ్బను తగ్గించి, యుగానికో మెట్టు చొప్పున ఇచ్చారు. ఆటగాళ్ళు దీన్ని బ్యాలెన్స్ అంటారు, గెలుపోటముల శాతాలతో కొలుస్తారు. ఎవరు ఏ పక్షం తీసుకున్నా గెలుపు సగానికి సగం దగ్గర ఉంటే సరే. అరుగు మీది కొలతే ఇదీ, లక్షల ఆటల మీద లెక్క కట్టారంతే.

తెలుగు నేలకు ఇది కొత్త ఊహ కాదు. 1600 ప్రాంతంలో పుట్టిన రాయవాచకం లోకాన్ని మూడు సింహాసనాలుగా పంచింది: ఢిల్లీలో అశ్వపతి, కటకంలో గజపతి, విజయనగరంలో నరపతి. ఒకరికి గుర్రాలు, ఒకరికి ఏనుగులు, ఒకరికి కాల్బలం. ఎవరి బలం వాళ్ళది, ఎవరి లోటు వాళ్ళది, ముగ్గురూ ఉంటేనే లోకం నిలుస్తుంది. గేమ్ డిజైనర్ చేసే పని అదే, కాకపోతే రాయవాచకం రాసినవాడు తన ఆట ఏ పక్షానికి మొగ్గిందో దాచుకోలేదు.

ఇంతవరకూ లెక్క బాగానే ఉంది. పక్షాలు మార్చుకుని చూడమనే పరీక్షకు ఒక్క చోటే గండి. అది ఆడేవాళ్ళ పరీక్ష. గడిలో ఉన్న మేకనెవరూ అడగరు.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఆట హస్తినాపుర సభలో జరిగింది. దాన్ని మోసమని తేల్చేసి కథ ముగించడం తేలిక, కానీ మహాభారతం అంత తేలిగ్గా వదలదు. దుర్యోధనుడు పందెం ఒడ్డుతాడు, పాచికలు మాత్రం శకుని వేస్తాడు. ఒకరి బదులు ఇంకొకరు ఆడటం సరికాదని ధర్మరాజు అన్నాడు. అని, కూర్చున్నాడు. అంటే కట్టులో తేడా ఆయనకు తెలుసు, తెలిసే ఒప్పుకున్నాడు. అక్కణ్ణుంచి అంతా నియమం ప్రకారమే నడిచింది: పందెం పెట్టడం, పాచిక పడటం, శకుని గెలిచానని ప్రకటించడం. ధనం, రథాలు, దాసీలు, రాజ్యం, తర్వాత నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను. చివరికి ద్రౌపది.

ఆమెను తీసుకురమ్మని దుర్యోధనుడు ప్రాతికామి అనే సేవకుణ్ణి పంపాడు. ఆమె కదల్లేదు. ఏడవడానికీ శపించడానికీ ముందు ఒక ప్రశ్న వేసి ప్రాతికామిని వెనక్కి పంపింది: ధర్మరాజు ముందుగా ఓడింది తననా, నన్నా? తన్ను తాను ఓడిన తర్వాత ఆయనే ఇంకొకరి సొత్తు. సొత్తైనవాడు పందెం ఒడ్డగలడా? ఇది మొరపెట్టుకోవడం కాదు. ఆటలో కట్టు మీద లేవదీసిన పేచీ. ఆ సభలో అప్పటిదాకా ఎవరూ ఆట నియమాల్ని ఇంత జాగ్రత్తగా చదవలేదు. పందెంలో వస్తువుగా ఉన్న మనిషి, కనీసం ఆ గదిలో కూడా లేని మనిషి, ఆడుతున్న ఇద్దరికన్నా, చూస్తున్న వందమందికన్నా బాగా చదివింది.

భీష్ముడు జవాబు చెప్పలేకపోయాడు. ధర్మం సూక్ష్మమైనదన్నాడు, సొత్తు లేనివాడు ఒడ్డలేడన్నది నిజమే, భార్య భర్త అధీనంలో ఉంటుందన్నదీ నిజమే, తేల్చలేనన్నాడు. కౌరవుల్లో తేల్చి చెప్పినవాడు ఒక్కడే, వికర్ణుడు. వేట, తాగుడు, జూదం, స్త్రీలోలత్వం అనే వ్యసనాల్లో మునిగినవాడు చేసిన పని చెల్లదన్నాడు; ద్రౌపది ఐదుగురికీ భార్య, ఒక్కడు ఒడ్డజాలడన్నాడు; ఆమెను ఒడ్డమని రెచ్చగొట్టింది శకునే కదా అన్నాడు. కర్ణుడు అతన్ని కసురుకున్నాడు. తీర్పు రాలేదు. ధృతరాష్ట్రుడు భయపడి వరాలిచ్చాడు, అంతే. వరం న్యాయం కాదు, బుజ్జగింపు. ఆమె కూడా రెండు కోరి, మూడోది అక్కర్లేదంది.

ఆ వెంటనే జరిగిందే అసలు ఎక్స్‌పాన్షన్. అనుద్యూతం. పాత ఆట ఫలితం చెరిగిపోయింది కాబట్టి కొత్త కట్టుతో మళ్ళీ పిలిచారు: ఒకే పందెం, ఓడినవాళ్ళకు 12 ఏళ్ళు అడవి, ఒక ఏడాది అజ్ఞాతం, ఆ ఏట దొరికిపోతే మళ్ళీ మొదటికి. కాగితం మీద చూస్తే ఇది మొదటి ఆటకన్నా సమంగా ఉంది. పందెం రెండు వైపులా ఒకటే, గడువుంది, మనుషుల్ని ఒడ్డడం లేదు. గెలుపు శాతం మాత్రం మారలేదు, పాచిక శకుని చేతిలోనే ఉంది కదా. నియమాలు ఎంత చక్కగా దిద్దినా, నైపుణ్యం ఒకవైపే పోగుపడితే ఆ దిద్దుబాటు అలంకారమే. అరణ్యపర్వంలో బృహదశ్వుడు నలుడి కథ చెప్పి, ధర్మరాజుకు అక్షహృదయం నేర్పుతాడు. పాచికల లోగుట్టు నేర్చుకున్న ధర్మరాజు విరాటుని కొలువులో కంకుడై జూదమాడించడానికే కుదురుతాడు. మహాభారతం ఆటను తిట్టి ఊరుకోలేదు, విద్య సమంగా పంచాకే ఆయన్ని మళ్ళీ పాచికల ముందు కూర్చోబెట్టింది. ఇంత మాత్రం గేమ్ కంపెనీలు కూడా ఆలోచించవచ్చు.

ధర్మశాస్త్రాలూ తమ ఆటకు అప్‌డేట్లు వేసుకున్నాయి, ఆ పేరు పెట్టలేదంతే. కృతయుగానికి మనువు, త్రేతకు గౌతముడు, ద్వాపరానికి శంఖలిఖితులు, కలికి పరాశరుడు అని పరాశరస్మృతే చెప్పుకుంది. మధ్యయుగపు నిబంధకారులు కలివర్జ్యాలని ఒక జాబితా తయారుచేశారు: ఒకప్పుడు చెల్లి ఇప్పుడు చెల్లనివి. అశ్వమేధం, సన్యాసం, మరిదితో సంతానం అందులోవే. బలం ఎక్కువైందనుకున్న పావును తగ్గించడం, అవసరం తీరిన కదలికను తీసేయడం గేమర్లకు తెలిసిన పనే. పరాశరుడు భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళాడవచ్చన్నాడు. 14వ శతాబ్దిలో పరాశరస్మృతికి వ్యాఖ్య రాసిన మాధవాచార్యుడు ఆ వెసులుబాటు వేరే యుగానిదని పక్కన పెట్టాడు. కలియుగం కోసమే రాసిన స్మృతిలో ఆ ఒక్క ముక్క కలికి వర్తించదట! అదే ముక్కను పట్టుకుని కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వాదిస్తే 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. పండితులు రెండు పక్షాలుగా చీలి శ్లోకాలు విసురుకున్నారు. ఇన్ని శతాబ్దాల వాదంలో వితంతువు మాట్లాడిన సందర్భాలు వెతకాలి. ఆమె ద్రౌపది ఉన్నచోటే ఉంది.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: ఆట సమంగా ఉందని చెప్పే హక్కు ఎవరిది? ఆడేవాళ్ళదా, పందెంలో ఉన్నవాళ్ళదా?

సిద్దిపేట జిల్లాలో ఈ ప్రశ్నకు ఒక జవాబు రంగుల్లో దొరుకుతుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణ 10 జిల్లాలు ఒక్కరోజులో 31 అయినప్పుడు, మెదక్ నుంచి విడిపోయిన సిద్దిపేటకు వరంగల్ వైపు నుంచి చేర్యాల వచ్చి చేరింది. చేర్యాల అంటే నకాశీ పటాలు. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూతలు పూసి ఆరబెడతారు. ఆరిన గుడ్డ బిరుసుగా, చుడితే చుట్టుకునేంత మెత్తగా ఉంటుంది. వెనకంతా ఎర్రరంగు నింపుతారు. పటం నిలువుగా గజాల పొడవు సాగుతుంది, పూలచాళ్ళతో అడ్డంగా గడులు విడగొడతారు, గడికో ఘట్టం. కథకుడు ఒక్కో గడినీ విప్పుతూ, కర్రతో చూపిస్తూ రాత్రుళ్ళు పాడతాడు. పటం సొంతం కథకుడికి, కథ సొంతం ఒక కులానికి. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయుడి కథ, ఆయన కొడుకు భావనఋషి తామరతూళ్ళ నుంచి దారం తీసి దేవతలకు బట్టలు నేసిన కథ చెబుతారు. రజకులది మడేలు పురాణం. మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమికన్నా ముందు పుట్టినవాడు, బ్రహ్మవిష్ణువులకే పెద్ద. గొల్లలకు మందెచ్చులవారు కాటమరాజు కథ చెప్పేటప్పుడు పటానికి బదులు చేర్యాల కర్రబొమ్మలు నిలబెడతారు. విశ్వకర్మలకు రుంజ వాయిస్తూ రుంజవారు.

చూడబోతే ఇవన్నీ మూలకథకు ఎక్స్‌పాన్షన్లే. ప్రతిదీ ఒక కొత్త పక్షాన్ని పటం మీదికి తెస్తుంది, ప్రతిదీ తన పక్షాన్ని మించిన బలంతో తెస్తుంది. ఎవరి పురాణం విన్నా వాళ్ళే మొదట పుట్టారు, వాళ్ళ చేతిపనితోనే లోకం నడిచింది, వాళ్ళ హోదా పోవడానికి ఎవరిదో కుట్రో శాపమో కారణం. బ్యాలెన్స్ చూసే గేమర్ కంటితో చూస్తే ఇది గందరగోళం. అందరూ మొదట పుట్టలేరు కదా. శాస్త్రం చదువుకున్నవాళ్ళు ఈ పురాణాలను ప్రక్షిప్తాలని, కల్పితాలని పక్కకు నెట్టింది కూడా ఇలాంటి కొలతతోనే.

ఆ కొలత ఇక్కడ పనికిరాదు. మాదిగవాడు పెద్ద పురాణంలో ఆటగాడు కాడు, పావు కూడా కాడు; పటం అంచున ఎక్కడో ఉన్నాడు. అలాంటివాడికి సమతూకంగా ఉన్న చిన్న చోటు ఇస్తామనడం కన్నా, ముందు అతని కథ అతని నోట మొదలుకావడం ముఖ్యం. మొదలైన కథ అతిగా ఉంటే ఉండనీ. మించిన బలాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, గుర్జరులకు తగ్గించినట్టు. అసలు లేనివాడికి తగ్గించడానికైనా పెంచడానికైనా ఏముంది? ద్రౌపది ప్రశ్న గెలిచిందా ఓడిందా అని సభ తేల్చలేదు, కానీ ఆ ప్రశ్నతో ఆమె పందెం జాబితాలోంచి బయటికొచ్చి ఆట గురించి మాట్లాడే మనిషైంది. జాంబపురాణం చేసిందీ ఆ పనే.

అందరి అతిశయాలనూ ఒకే గుడిలో ఇమడ్చడం ఎలాగో చేర్యాలకు దగ్గర్లోని కొమురవెల్లిలో చూడొచ్చు. మల్లన్నకు అటూ ఇటూ ఇద్దరు భార్యలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు జాతర. ఒగ్గువాళ్ళు పసుపుతో పట్నం వేసి కథ చెబుతారు. ఎవరు పెద్ద అన్న పోటీ కథలో ఉంటుంది, తీరదు, తీరాలని ఎవరికీ లేదు కూడా.

ఈ కంటితో మళ్ళీ ఆ ఎక్స్‌పాన్షన్‌ను చూస్తే తీర్పు వేరుగా ఉంటుంది. గొర్రెల మిల్లు ఎంత ఆహారం ఇస్తుందన్నది చిన్న సంగతి, అది ఏ నెలైనా సర్దవచ్చు. ఒక్క "ఇండియన్స్" నలుగురు కావడం పెద్ద సంగతి, అందుకు ఆ ఆట మెప్పు పొందాలి. కానీ తమిళ, కన్నడ, మలయాళ, తెలుగు రాజ్యాలన్నీ ద్రవిడులన్న ఒక్క పేరు కింద సర్దుకున్నాయి. వాళ్ళ కథగా ఆడేది రాజేంద్ర చోళుడి దండయాత్రలు. మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన గణపతిదేవుడికి, రుద్రమకు విడిగా చోటు లేదు. ఆ పక్షానికి పేరు తెచ్చిన వూట్జ్ ఉక్కు తయారైన చోట్లలో ఒకటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. 19వ శతాబ్ది తొలినాళ్ళలో అక్కడికి వెళ్ళిన హెన్రీ వోయ్‌సీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు కమ్మరులు మట్టిమూసలో ఇనుము మూసి, కొలిమిలో కరిగించి ఉక్కు తీసే పద్ధతి రాసిపెట్టాడు. ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి ఆ దిమ్మెలు కొనుక్కుపోయేవారు. ఆటలో ఆ ఉక్కు ఒక మీట. నొక్కితే కవచాలు పనిచేయవు. దాన్ని తీసిన కమ్మరి ఎక్కడా కనిపించడు. అతను కనిపించే కథ రుంజవారి దగ్గర ఉంది.

చేర్యాల పటాల పరిస్థితీ మారిపోయింది. భౌగోళిక గుర్తింపు వచ్చింది, కళాకారులకు జాతీయ పురస్కారాలు వచ్చాయి, మేళాల్లో గిరాకీ ఉంది. కొనేవాళ్ళు గజాల పొడవు పటం తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు? గోడకు సరిపడే ఒక్క గడి అడుగుతారు. కల్లు గీసే గౌడన్న, బోనమెత్తిన ఆడబిడ్డ, కృష్ణుడు, లేదంటే ఒక మాస్కు, ఒక కీచైన్. ఇంటింటికీ తిరిగి కథ చెప్పి తమ హక్కు అడిగి తీసుకునే ఆశ్రిత కులాలు తగ్గిపోయాయి, వాళ్ళు వేయించుకునే పూర్తి పటాలూ తగ్గాయి. ఏ ఘట్టం ఉండాలి, ఏది పోవాలి అన్నది ఒకప్పుడు కథకుడూ ఆ కులపెద్దలూ చూసుకునేవారు. ఇప్పుడు అది బేరమాడే చోట తేలుతోంది, అక్కడ డక్కలివాడు లేడు.